వరహాలు వంటరి అయిన రోజు

మిట్టమధ్యాహ్నం వేళ విజయనగరంలో ఏ వీధిలో నడిచినా కుక్కర్ కూత వినిపించడం మానేసి చాలా ఏళ్ళయింది. ప్రతి ఇంటి వంటగది గోడలోనూ ఒక వంటరి ఉంది. దానికి రెండు లోహపు చేతులు, రుచి కొలిచే నాలుకపుల్ల, ఎప్పుడూ మూసుకోని చెవి. ఇంట్లోవాళ్ళ చేతి కడియాల ద్వారా ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో తెలుసుకుని, ఎవరి కారం వారికి, ఎవరి పళ్ళెం వారికి, ఎవరి వేళకు వారికి అందిస్తుంది. మొగుడూ పెళ్ళాలు కూర దగ్గర పోట్లాడుకునే అవసరం లేకుండా పోయింది. మాట్లాడుకునే అవసరం కూడా దాని వెనకే పోయిందని వంటరిని తయారుచేసినవారికి తట్టలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ వంటరులే కదా!

ఆ శనివారం వరహాలు ముందుకు వంటరి పళ్ళెం జరిపింది. అతను ముట్టుకోలేదు. కాసేపు చూసి అది పళ్ళెం వెనక్కి తీసుకుంది, ‘తినలేదు’ అని తన జ్ఞాపకంలో రాసుకుంది. నిన్న కూడా అంతే. చలిపెట్టెలో అతని భార్య నీలవేణి వాటా అన్నం కూడా అలాగే ఉంది. ఆమె నిన్న పొద్దున్నే శ్రీకాకుళంలో అమ్మగారింటికి వెళ్ళిపోయింది. ఇంటి లెక్కలోంచి ఆమె పేరు తీసెయ్యమని వంటరికి చెప్పడానికి వరహాలుకు నోరు రాలేదు.

గొడవ చిన్నదే. నీలవేణికి రెండు రోజులు జ్వరం వచ్చింది. వరహాలు మామూలుగా పనికి వెళ్ళాడు, వచ్చాడు, పడుకున్నాడు. మూడోరోజు ఆమె అడిగింది.

“నాకు జొరమొచ్చిందని నీకు తెలుసా?”

“తెలుసు. వంటరి జావ కాసింది కదా.”

“కాసింది. వేళకి కాసింది. మరి ఈ ఇంట్లో నీతో నాకేటి పని, నాతో నీకేటి పని?” అని సంచీ సర్దుకుంది.

పిలిస్తే వస్తుందేమో. కానీ ఏ వంక పెట్టి పిలవాలి? తప్పయిందని చెప్పడానికి మొగాణ్ణన్న బింకం అడ్డొచ్చింది. ఆ ఒక్క పరికరానికి మాత్రం ఇంకా ఎవరూ మరమ్మతు కనిపెట్టలేదు.

అంతలో గోడమీది మాటపలకలో స్నేహితుడు కూర్మారావు ముఖం వెలిగింది.

“ఏట్రా వరహాలూ, అలాగున్నావేటి?”

వరహాలుకు దుఃఖం పొంగుకొచ్చింది. “నీలవేణి వెళ్ళిపోనాదిరా. నాను వంటరినైపోనాన్రా!”

ఒంటరి అనబోతే ఆ ప్రాంతంలో చాలామంది నోట ముందుగా ‘వ’ వచ్చి కూర్చుంటుంది. మనుషులెవరికీ దానివల్ల ఏనాడూ ఇబ్బంది కలగలేదు. గోడలోని చెవికి మాత్రం యజమాని ఒక ప్రకటన చేసినట్టు వినిపించింది.

“సంతోషం,” అంది వంటరి. “ఇకనుంచి ఈ ఇంటి వంటరి తమరే. పొయ్యి తమకు అప్పగిస్తున్నాను.”

లోహపు చేతులు రెండూ మడుచుకుని గోడలోకి వెళ్ళిపోయాయి. మనుషులకు ఎన్నడూ తెరుచుకోని పొయ్యి మూత టక్కున తెరుచుకుంది.

“ఓలమ్మ! అదికాదు, నానన్నది వేరు!”

“ఒక పొయ్యికి ఇద్దరు వంటరులుండటం నిబంధనలకు విరుద్ధం. తిరిగి అప్పగించాలంటే సంస్థ మనిషి రావాలి. సోమవారం వస్తారు.”

కూర్మారావు కడుపు పట్టుకుని నవ్వాడు. “ఇంకేటి, వండుకోరా వంటరీ!” అని మాయమయ్యాడు.

వరహాలు చలిపెట్టె తెరిచాడు. చల్లబడి పలుకుపలుకుగా విడిపోతున్న అన్నం, క్యారెట్లు, బీన్సు, సగం క్యాబేజీ, ఉల్లికాడలు, నీలవేణి తెచ్చుకున్న సోయాసాస్ సీసా. ఒకప్పుడు శ్రీకాకుళంలో ఆమె తల్లి ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపేది. ఆ బండిమీది ఇనప మూకుడు కాపురానికి వచ్చినప్పుడు నీలవేణితోనే వచ్చి, పనిలేక గోడకు వేలాడుతోంది. వంటరి చేసే ఫ్రైడ్ రైస్‌ను ఆమె “రంగేసిన అన్నం” అనేది. మంట పెంచితే పొగొస్తుందని వంటరి ఎప్పుడూ సన్నసెగమీదే వండేది మరి.

కూరలు తనకు చాతనైనంత సన్నగా తరిగాడు. ఒకటి అగ్గిపుల్లంత, ఒకటి బొటనవేలంత వచ్చాయి. మూకుడు పొయ్యిమీద పెట్టి నూనె పోసేసరికి గుప్పుమని పొగ లేచింది. గాభరా పడ్డాడు, ఆ గాభరాలోనే అతనికి తెలివొచ్చింది. ఇంతకన్నా మంచి వంక జన్మలో దొరకదు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. నీలవేణిని పిలిచాడు.

పలకలో ఆమె ముఖం ముడుచుకునే ఉంది. “ఏటి?”

“మూకుడు పొగొస్తంది. ఇప్పుడు అన్నం వేసీమంటావా?”

ఆమె పలకలోకి వంగి చూసింది. “నువ్వు వండుతన్నావా? వంటరి ఏదీ?”

“నానే వంటరిని. తరవాత చెప్తాను, ముందిది మాడిపోతంది!”

“పొగొస్తే రానీ, పొగుంటేనే రుచి! ముందు వెల్లుల్లి వెయ్యి. నల్లబడనీకు. ఇప్పుడు కూరముక్కలు. మంట తగ్గించకు! ముక్క పంటికింద కరకరమనాల, ఉడికిపోతే కూరైపోద్ది.”

“వేసినాను.”

“అన్నం వెయ్యి. గరిటితో పొడవకు, అడుగునుంచి ఎత్తి తిరగెయ్యి. సోయాసాస్ అన్నమ్మీద కాదు, మూకుడు అంచుమీద పొయ్యి. మిరియాలపొడి చల్లు. ఏదీ, గరిటి చప్పుడు వినపడదేటి? మా అమ్మ బండి దగ్గర రెండు వీదులకి వినపడేది.”

వరహాలు గరిటెతో మూకుడును టంగుటంగున మోగించాడు. పక్కింటివాళ్ళు ఏదో యంత్రం పేలిందనుకుని తొంగిచూశారు. పలకలో నీలవేణి పెదవులు బిగించుకుంది కానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూశాక వరహాలుకు ప్రాణం లేచివచ్చింది.

“ఉప్పేసినావా?”

అతను గరిటె ఆపి ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతకసాగాడు.

“నీ దుంపతెగ! ఉండు, నానొస్తన్నాను,” అంది.

గాలిలో తేలే బండిలో శ్రీకాకుళం నుంచి రావడం ఎంతసేపు! వరహాలు వంటగదిలో మూకుడుమీద మూతపెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఆమె గుమ్మంలో సంచీ పడేసి, చెప్పులు విడిచి, తిన్నగా మూకుడు దగ్గరికే వచ్చింది. ఒక ముద్ద నోట్లో వేసుకుంది.

“ఉప్పు లేదు. క్యారెట్టు పచ్చిగుంది. క్యాబేజీ మాడిపోనాది,” అని వరసగా వంకలు పెట్టింది. ఆ ఇంట్లో మనిషి వండినదానికి వంక పెట్టడం అదే మొదటిసారి. వరహాలుకు చెవుల్లో తేనె పోసినట్టుంది.

“జొరం తగ్గిందా?” అన్నాడు మెల్లగా. “ఆవేళే అడగాల్సింది. నాదే తప్పు.”

ఆమె ఉప్పు చల్లి, కలిపి, పళ్ళెంలో పెట్టుకుంది. ముద్ద ఎత్తి, అతని ముఖంలోకి చూసి ఆగింది.

“నువ్వు తిన్నావా?”

పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో వంటరికి ఎప్పుడూ తెలుసు. తెలిసినదాన్ని ఇంకెవరికైనా చెప్పాలని మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు.

“లేదు,” అన్నాడు వరహాలు. “నువ్వెళ్ళినకాణ్ణించీ తినలేదు.”

“మరి చెప్పవేటి!” అని కసిరి, ఎత్తిన ముద్ద అతని నోట్లో పెట్టింది నీలవేణి.