పచ్చటి ఐసు ముక్కలు

పళ్ళ డాక్టరమ్మ మేడమీద వాటాలో దిగిన మర్నాడే, కింద ఆరేసిన తెల్లచొక్కా మీద మట్టినీళ్ళు కారాయి. ఆ చొక్కా ఇంటివాళ్ళబ్బాయిది. కళ్ళజోళ్ళ షాపు నడుపుతూ ఊరందరి చూపూ సరిచేసే పెద్దమనిషి. తలెత్తి చూస్తే బాల్కనీ నిండా కుండీలు, వాటి మధ్య ఆమె.

"ఏమండీ, మీ మొక్కలకి పోసిన నీళ్ళు నా చొక్కా తాగుతోంది."

"తాగనివ్వండి. ఎండకి వాడిపోయినట్టుంది పాపం."

క్షమించమని అడిగే అలవాటు ఆవిడ వంశంలోనే లేనట్టుంది. సాయంత్రానికి మాత్రం ఒక గాజుసీసా పట్టుకొచ్చింది. లోపల ఆకుపచ్చటి ముద్ద, పైన తేలుతున్న నూనె.

"బేసిల్ పెస్టో. మా కుండీల్లో ఆకుతో ఇంట్లో చేశాను. మీ చొక్కాకి నష్టపరిహారం."

పెస్టో అంటే రొట్టెల్లోకీ నూడుల్స్‌లోకీ కలుపుకునే విదేశీ పచ్చడని మనవాడికి తెలియదు. తెలియదని చెబితే పరువేం కావాలి? చెంచాడు తీసి అలాగే నోట్లో పెట్టుకున్నాడు. పచ్చి వెల్లుల్లి ఘాటు మాడుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అద్భుతంగా ఉంది," అన్నాడు.

ఇంకేముంది, వారం వారం సీసా దిగడం మొదలైంది. కోతలు కోసినవాడు అనుభవించాలి మరి. ఎలా వదిలించుకోవాలో తెలియక ఓ పూట రొట్టెకి రాసి కాల్చాడు. ఫర్వాలేదనిపించింది. ఆమ్లెట్‌లో కలిపాడు, బాగుంది. ఉడికించిన బంగాళాదుంపలకి పట్టించాడు, వేడి నూడుల్స్‌లో కలిపాడు, టమాటా సూపులో ఓ చెంచా వేశాడు. చివరికి ఆడిన అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది.

ఖాళీ సీసా ఇవ్వడానికి మేడెక్కినవాడు దిగడం మర్చిపోయేవాడు.

"ఆకులు కడిగేశాను," అన్నాడు ఓ రోజు ఆవిడ వంటింట్లో.

"కడిగారు సరే, ఆరబెట్టేదెవరు? తడి ఉంటే తొందరగా పాడవుతుంది. ఆ గుడ్డ మీద పరవండి."

పరిచాడు. జీడిపప్పు, వెల్లుల్లి, తురిమిన చీజ్, ఉప్పు, నూనె అన్నీ వేసి మిక్సీ తిప్పాడు.

"ఆపండి. ఏకబిగిన తిప్పితే ఆకు వేడెక్కి నల్లబడుతుంది. కాస్త తిప్పండి, ఆపండి, మళ్ళీ తిప్పండి."

"పళ్ళ డాక్టరై ఉండి ఇంత వెల్లుల్లి తింటారేంటండీ?"

"నాకు మాస్కుంటుంది. ఇబ్బందల్లా మీకే."

అతను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.

మిగిలినది ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించేవారు. ఆవిడ ఫ్రిజ్ చిన్నదని ఆ ట్రేలు ఇతగాడింటికి చేరేవి. అన్నీ చక్కగా కుదిరాయి, చెప్పవలసిన ఒక్క మాట తప్ప. షాపులో అందరినీ "ఈ అద్దమా, ఆ అద్దమా, ఏది బాగుంది?" అని నిలదీసేవాడికి తన సంగతి దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

ఈలోగా వాళ్ళమ్మ బాంబు పేల్చింది. "ఆదివారం నా స్నేహితురాలు వాళ్ళమ్మాయిని తీసుకొస్తోంది. నాకు నచ్చితే అక్కడికక్కడే మాటిచ్చేస్తాను. నీ మనసులో ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పి ఏడు."

మనవాడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఉన్న ధైర్యమంతా మేడ మీదికెళ్ళి ఈ వార్త మోయడానికి మాత్రం పనికొచ్చింది.

"శుభం," అంది డాక్టరమ్మ. "అమ్మాయి పళ్ళు ఎలా ఉన్నాయో చూసొచ్చి చెప్పండి." తలుపు మూసేసింది. ఆ వారం సీసా దిగలేదు. అతనికి అన్నం సహించలేదు.

ఆదివారం చుట్టపుచూపుగా తల్లీకూతుళ్ళు వచ్చి కూర్చున్నారు. అమ్మ నిమ్మరసం కలిపి, ఫ్రీజర్‌లో కనిపించిన పచ్చటి ఐసు ముక్కలు గ్లాసుకి రెండేసి వేసి, మురిసిపోతూ అందించింది. స్నేహితురాలు ఓ గుక్క తాగి మొహం అదోలా పెట్టింది.

"ఇందులో వెల్లుల్లి వేశావుటే?"

"వెల్లుల్లేమిటి, అది పుదీనా ఐసు. మావాడు చేసి పెట్టుకున్నాడు."

స్నేహితురాలి కూతురు గ్లాసులో తేలుతున్న నూనె వంక చూసింది. "ఆంటీ, ఇది పెస్టో. ఎవరు చేశారోగానీ బావుంది. నిమ్మరసంలో కాదనుకోండి."

అమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఎవరు చేశార్రా?"

"పైన... డాక్టరుగారు."

"మన ఫ్రీజర్లో ఎందుకుంది?"

"ఆవిడ ఫ్రిజ్ చిన్నది."

"నీ గుండెకాయ అంతకన్నా చిన్నదిలా ఉంది. పిలువు ఆ అమ్మాయిని."

డాక్టరమ్మ దిగివచ్చి గుమ్మంలో నిలబడింది.

"మావాడికి ఇది అంత నచ్చిందా అమ్మా?" అడిగింది అమ్మ.

"లేదండీ. మొదటిరోజే కళ్ళలో నీళ్ళు చూశాను."

"మరి వారం వారం ఎందుకిచ్చావు?"

ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండే మనిషి తల దించుకుంది. "సీసా తిరిగివ్వడానికి మేడెక్కుతారని."

అతను లేచి నిలబడ్డాడు. "అమ్మా, నాకు ఈవిడంటే ఇష్టం. ముందే చెప్పాల్సింది, భయపడ్డాను. ఆంటీ, మీరు నన్ను క్షమించాలి."

స్నేహితురాలు నోరు తెరిచేలోపే కూతురు గ్లాసు పక్కన పెట్టింది. "ఈ ఐసు పుణ్యమా అని, వద్దని చెప్పే పని నాకు తప్పింది."

అమ్మ కొడుకునే చూస్తోంది. "ఆ సీసాల్లో ఏం పెట్టి తిరిగిచ్చేవాడివి?"

"ఏమీ లేదమ్మా. కడిగి, ఖాళీవే."

"ఇన్నాళ్ళూ పక్కవాళ్ళకి ఖాళీ సీసాలు తిరిగిచ్చావా? నేను నేర్పింది ఇదేనా?"

అమ్మ డాక్టరమ్మని పైనుంచి కిందిదాకా చూసి, సోఫాలో కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"సరేలే. పక్కవాళ్ళకైతే తప్పు. ఇంటిమనిషికి ఫర్వాలేదు."