కొల్లేట్లో మాయమైన హీరోయిన్

పడవ గుర్రపుడెక్కలో ఇరుక్కుని ఉంది.

పడవలో ఒక జత కొత్త చెప్పులు. పక్కన హ్యాండ్‌బ్యాగ్. మనిషి లేదు.

తెల్లవారి కొల్లేటి గట్టు మీద జీపు దిగిన ఎస్సై నాగరత్నానికి కానిస్టేబుల్ వెస్లీ ఇచ్చిన రిపోర్టు అంతే. ఆ వస్తువులు అప్పటికే కవర్లలో సీల్ అయి ఉన్నాయి.

మాయమైన పిల్ల పేరు నాగదుర్గ. ఈ లంక గ్రామం పిల్లే. చేపల చెరువుల మీద పనిచేసే సత్తిబాబుకి ఒక్కగానొక్క కూతురు. ఏలూరులో గది తీసుకుని ఉంటోంది. హీరోయిన్‌గా ఆమె మొదటి సినిమా శుక్రవారం విడుదల.

కబురు తెలిసిన క్షణం నుంచి సత్తిబాబు నీళ్ళలోనే ఉన్నాడు. ఛాతీ లోతున నిలబడి వల లాగుతున్నాడు. గట్టు మీద జనాన్ని గానీ, కెమెరాలను గానీ చూడటం లేదు. కన్నకూతురి శవం కోసం వల వేసే తండ్రిని నాగరత్నం ఎక్కువసేపు చూడలేకపోయింది.

నాగదుర్గ మేనేజర్ చరణ్‌తేజ మాత్రం గట్టునే ఉన్నాడు. ఒక ఛానల్‌కి ఎడమ కన్ను తుడుచుకుని, ఇంకో ఛానల్‌కి కుడి కన్ను తుడుచుకుంటున్నాడు. ఏం ఏడుపో ఏమో!

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం మేడమ్. ఏలూరులో మా ఆఫీసుకొచ్చింది. ఊరి దగ్గర పడవలో రీల్ తీసుకుంటానని వెళ్ళింది."

"ఒక్కతేనా?"

"వద్దన్నా వినలేదు మేడమ్."

"ఈ చెప్పులు ఆమెవేనా?"

"అవును. నేనే కొనిచ్చాను."

"రాత్రి మీరెక్కడున్నారు?"

"ఏలూరు ఆఫీసులోనే. పోస్టర్ల పని."

"ఎవరి మీదైనా అనుమానమా?"

చరణ్‌తేజ గొంతు తగ్గించాడు. "గంగాధరరావు మేడమ్. పాత ఏజెంటు. తనని వదిలి నా దగ్గరికొచ్చేసిందని పగబట్టాడు. 'నువ్వెలా హీరోయిన్ అవుతావో చూస్తా' అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది నాకూ పంపింది."

మెసేజ్ నిజమే. నాగరత్నం రెండుసార్లు వింది.

గంగాధరరావుది తాడేపల్లిగూడెం. జాతరలకీ తీర్థాలకీ స్టేజి ఆర్టిస్టులను పంపించే పెద్దమనిషి. దొరికింది మాత్రం ఏలూరులో ఒక యూట్యూబ్ ఛానల్ స్టూడియోలో. మొహం నిండా పౌడర్.

"బెదిరించారా?"

"కోపంలో అన్న మాటండి. ఆ పిల్లని స్టేజి ఎక్కించిందే నేనండి."

"రాత్రి ఎక్కడున్నారు?"

"గూడెంలోనండి. ఇంట్లోనే."

"సాక్షి?"

"ఒంటరివాణ్ణి. సాక్షులెవరుంటారండి?"

"పిల్ల నీళ్ళలో పడిందంటే మీరు ఇక్కడికెందుకొచ్చారు?"

గంగాధరరావు రుమాలుతో మొహం మీద పౌడర్ తుడుచుకున్నాడు. "గురువు ఆవేదన అని ప్రోగ్రామ్ పెట్టారండి..."

దొందూ దొందే, అనుకుంది నాగరత్నం. అయితే పొద్దుట్నుంచీ ఒక సంగతి ఆమెకి పంటి కింద రాయిలా తగులుతోంది. ఇద్దరి ఫోన్ నంబర్లూ టెక్నికల్ సెల్‌కి పంపింది. జవాబు రాగానే జీపు తాడేపల్లిగూడెం వైపు తిప్పించింది.

మధ్యాహ్నం దాటాక ఇద్దరినీ గట్టు మీదికి రప్పించింది.

"రాత్రి మీ ఇద్దరి ఫోన్లూ గూడెం టవర్‌లో ఉన్నాయి."

గంగాధరరావు మొహం పాలిపోయింది. చరణ్‌తేజ నవ్వబోయి ఆగాడు.

"ఆయన గూడెంలో ఉన్నానని తనే చెప్పారు. నువ్వు ఏలూరులో ఉన్నానన్నావు. గూడెం నుంచి నీ ఫోను ఎక్కడికెళ్ళిందో తెలుసా? ఈ గట్టు మీదికి."

"మేడమ్, టవర్ లొకేషన్ తప్పు కావచ్చు!"

"కావచ్చు. చెప్పులు తప్పు కావుగా? అవి పడవలో దొరికాయి."

"అయితే?"

"ఈ లంకల్లో పుట్టినవాళ్ళు చెప్పులతో పడవెక్కరయ్యా. గట్టునే విడిచి, పడవకి దణ్ణం పెట్టి ఎక్కుతారు. చిన్నప్పుడు తెలియక చెప్పులతో ఎక్కి మా మేనత్త చేత వీపు విమానం మోత మోగించుకున్నాను. పిల్ల ఆ పడవ ఎక్కలేదు. ఈ ఆచారం తెలియని మనిషెవడో చెప్పులు తెచ్చి అందులో పెట్టాడు."

జీపు తలుపు తెరుచుకుంది. నాగదుర్గ దిగింది.

గూడెంలో ఆ టవర్ చుట్టుపక్కల లాడ్జీలన్నీ గాలిస్తే, రైసుమిల్లుల వెనక ఒక గదిలో దొరికింది ఆమె. టీవీ లేదు. ఆమె ఫోను చరణ్‌తేజ స్విచాఫ్ చేసి తన దగ్గరే పెట్టుకున్నాడు.

"మా నాన్నకి చెప్పానన్నారు కదండీ?" అంది అతన్ని సూటిగా చూస్తూ. "రెండ్రోజులు కనపడకపోతే సినిమాకి ప్రమోషన్ అవుతుంది, ఇంట్లో అందరికీ తెలుసు అన్నారు కదండీ?"

"అయింది కదా! దేశమంతా నీ పేరే!" చరణ్‌తేజ అరిచాడు. "ఎవరి కోసం చేశాను? నీ కోసమే!"

"ఎలా నమ్మావమ్మా వీణ్ణి?" నాగరత్నం అడిగింది.

"గంగాధరరావు గారు పదిమందిలో ఒసేయ్ అని పిలిచేవారండి. ఈయన మొదటిరోజే మేడమ్ అన్నారండి. అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టేశానండి."

"చెరువు లీజుకివ్వాలంటే పదిమందిని వాకబు చేస్తారే! బతుకు లీజుకిచ్చేటప్పుడు ఇతని దగ్గర పనిచేసి మానేసినవాళ్ళని ఒక్కరినైనా అడగొద్దా?"



గంగాధరరావు దగ్గాడు. "పోన్లే అమ్మా. ఇకనుంచి నీ వ్యవహారాలన్నీ నేను చూసుకుంటా."

"మీరూ ఆగండి. మెడ మీద పౌడర్ ఇంకా చెరగలేదు," అంది నాగరత్నం.

అంతలో నాగరత్నం చేతిలో ఉన్న చరణ్‌తేజ ఫోను మోగింది. పేరు చూడగానే అతను ఎగిరిపడ్డాడు. "ఎత్తండి మేడమ్! పెద్ద బ్యానర్! ఎన్నాళ్ళనుంచో తిరుగుతున్నాను ఆ ఒక్క కాల్ కోసం!"

నాగరత్నం ఫోను నాగదుర్గ చేతిలో పెట్టింది. "నీ సంగతి. నువ్వే మాట్లాడుకో."

ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. ఎన్నేళ్ళ ఆశ అది!

"నాగదుర్గనండి... బతికే ఉన్నానండి... మేనేజర్ ఎవరూ లేరండి." అవతలి మాట విని కళ్ళు మూసుకుంది. "ఇప్పుడు కుదరదండి. మా నాన్న నీళ్ళలో ఉన్నాడండి."

"పిల్ల దొరికిందని గొంతు చించుకుని చెప్పానండి," అన్నాడు వెస్లీ. "నమ్మట్లేదండి. ఊరడించడానికి అబద్ధమాడుతున్నామనుకుంటున్నాడు."

దూరంగా సత్తిబాబు కదలకుండా నిలబడ్డాడు. వల బరువెక్కింది. తాడు చేతిలోనే ఉంది గానీ లాగడం లేదు. పైకి ఏమొస్తుందోనని భయం.

నాగదుర్గ బట్టలతోనే నీళ్ళలోకి దిగింది. "నాన్నా!"

అతను తల తిప్పలేదు. ఆ గొంతు పొద్దుట్నుంచీ అతని చెవుల్లో మోగుతూనే ఉంది.

ఆమె దగ్గరికెళ్ళి తండ్రి చేతుల పక్కన తనూ తాడు పట్టుకుంది. "లాగు నాన్నా. ఏం లేదు అందులో."

ఇద్దరూ కలిసి లాగారు. వల నిండా నాచు వచ్చింది. సత్తిబాబు ఆ నాచంతా చేత్తో కెలికి చూసి, అప్పుడు కూతురి మొహం వైపు తిరిగి బావురుమన్నాడు.