ఒకటా, రెండా?

ఎనభై ఎనిమిదిలో ఆగిరిపల్లి రోడ్డున మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఓనరు లక్ష్మీనరసింహారావుగారు కంప్యూటర్ కొన్నారు. ఒకే పెట్టెలో రెండు సిస్టమ్‌లు. స్విచ్ వెయ్యగానే తెర మీద "ఒకటా, రెండా?" అని ఇంగ్లీషులో అడిగేది. ఒకటి నొక్కితే గుమాస్తా కమల బిల్లులు కొట్టుకునే డాస్. రెండు నొక్కితే స్టాకు లెక్కలకి ఆంజనేయులు వాడే యూనిక్స్. ఆ వేసవిలోనే కాయలు మాగేసే గదిలో, కార్బైడ్ గ్యాస్‌కి ఊపిరాడక ఆంజనేయులు పోయాడు. తర్వాత రెండోది ఎవరూ నొక్కలేదు.

ఒక సాయంత్రం కమల స్విచ్ వేస్తే అసలు ప్రశ్నే రాలేదు. నల్లటి తెర మీద చిన్న గీత ఆరుతూ వెలుగుతోంది, అంతే.

"ఏం కెలికావమ్మాయ్?" అన్నాడు స్టోర్‌కీపర్ గంగరాజు. "బెజవాడ నుంచి ఓనరుగారు వచ్చేస్తున్నారు. ఇది లేవకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

కమలకి ఒళ్ళు మండింది. ఈ ఉద్యోగం ఉండబట్టే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఆ కుర్చీలో బావమరిదిని కూర్చోబెట్టాలని గంగరాజు ఎప్పట్నుంచో కాచుకునున్నాడు. వీడే ఏదో చేసుంటాడు అనుకుంది.

మిషను మొరాయిస్తే లేపడానికి ఒక ఫ్లాపీ ఉంది. దాన్ని పెట్టిన సొరుగు తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుకే ఉంటుంది. తీసి చూసింది. ఫ్లాపీకి ఉండే సన్నటి సందులో, సరిగ్గా డిస్కు కనబడేచోట, కుంకుమ బొట్టు.

అది ఆంజనేయులు అలవాటు. బొట్టు పెట్టందే మిషను మొదలెట్టేవాడు కాదు. ఒకసారి ఇలాగే ఫ్లాపీకి పెట్టి, దాన్ని కాస్తా పాడుచేసి అందరిచేత మాటలు పడ్డాడు, పాపం.

కానీ ఈ బొట్టు ఇంకా తడిగా ఉంది.

"మీరేనాండీ పెట్టింది?"

గంగరాజు దాన్ని చూశాడు. "నేను గడియ పెట్టేటప్పుడు లోపల ఎవరూ లేరు," అన్నాడు.

కమల తలెత్తింది. కాయలు మాగేసే గది సంగతి తను అడగనేలేదు.

స్పిరిట్ దూదితో బొట్టు తుడిచి, చేతులు కడుక్కొచ్చి, ఫ్లాపీ పెట్టింది. అది కాసేపు గరగరలాడి చదివింది. కమల మిషను లోపలి డిస్కు మొదట్లో చెడిన చోటు తిరగరాసి, మిషను ఆపి, మళ్ళీ వేసింది.

గదిలోకి వెల్లుల్లి కుళ్ళినట్టు వాసన వచ్చింది. కార్బైడ్ వాసన... ఆఫీసు గదిలోకి ఎలా వస్తుంది?

బయట గడియ పడింది.

కమల పరుగున వెళ్ళి తలుపు లాగింది. రాలేదు. అవతల మనిషి అలికిడి లేదు.

వెనక్కి తిరిగేసరికి తెర మీద ప్రశ్న వచ్చి ఉంది. ఒకటా, రెండా? ఈసారి పక్కన సిస్టమ్‌ల పేర్లు లేవు.

ఒకటి, కమల. రెండు, గంగరాజు.

"నొక్కకు..." గంగరాజు గుసగుసలాడాడు. "తలుపు కొట్టాడమ్మా... విన్నాను... ఎలకలనుకున్నాను... నీకు పుణ్యముంటుంది, నొక్కకు..."

వాసన గొంతులోకి దిగుతోంది. ఊపిరి అందడంలేదు. కళ్ళకి చీకట్లు కమ్మాయి.

మీట నొక్కిన చప్పుడు.

గడియ జారింది. కమల వసారాలోకి వచ్చి పడింది. ఎదురుగా ఓనరుగారు అప్పుడే జీపు దిగుతున్నారు.

"లేచిందామ్మా?"

"లేచిందండీ."

"గంగరాజేడీ?"

కమల వెనక్కి చూసింది. గదికి ఇంకో తలుపు లేదు. గుమ్మం బయట గంగరాజు విప్పిన చెప్పులు అలాగే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. కీబోర్డు మీద రెండో అంకె మీట ఎర్రగా, తడిగా ఉంది.

మెల్లిగా తన చెయ్యి చూసుకుంది. కడుక్కున్న చెయ్యే. చూపుడువేలి కొసన కుంకుమ.