మెడ లేని స్వెట్టర్

రోహిత్‌కి చలి పడదు. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్నే బైకు మీద ఆఫీసుకి వెళ్లి, సాయంత్రానికి దగ్గుతూ ఇంటికొస్తాడు. అందుకే ఈసారి వానాకాలంలోనే తనకి స్వెట్టర్ మొదలుపెట్టాను. మాది కాకినాడ. పెళ్లయ్యాక నానక్‌రామ్‌గూడలో, పదిహేడో అంతస్తులో అద్దెకి దిగాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నాకు ఎక్కువగా ఇంటి నుంచే పని. మీటింగుల్లో కెమెరా ఆపేసి, వింటూ అల్లుకుంటూ కూర్చుంటాను.

ప్యాటర్న్ ఏదో వెబ్‌సైట్‌లో దొరికింది. మరో భాష నుంచి యంత్రంతో చేయించిన తెలుగు. అయినా నడుము, ఛాతీ, చేతులు బాగానే కుదిరాయి. మెడ దగ్గరికొచ్చేసరికి తల తిరిగింది.

'ప్రతి వరసలోనూ కుట్లు తగ్గించాలి. ఆపకూడదు. మనిషిని లోపలికి దోపి ముడి వేయాలి.'

యశస్వినికి ఫోన్ చేశాను. మా టీమే. నాకు అల్లిక నేర్పింది తనే. చదివి వినిపిస్తే పకపకా నవ్వింది.

"ఏందే గిది? మనిషిని దోపుడేంది? దారం కొసను దోపాలె అని ఉండాలె. తప్పు రాసిండ్రు."

"మరి తగ్గిస్తూనే పోతే మెడ మూసుకుపోతుంది కదా?"

"గదే నాకూ సమజైతలేదు. ఒకసారి ఒంటికేసుకొని చూడు. తల పట్టేటంత ఉంచి ఆపెయ్. దీనికింత పరేషాన్ ఎందుకే?"

ఫోన్ పెట్టేసి ఆ పేజీలో కింద కామెంట్లు చూశాను. 'మెడ ఎక్కడ?' అని ఎవరో అడిగారు. 'మెడతో పని లేదు' అని జవాబు. అదీ యంత్రం తెలుగే అనుకున్నాను.

మధ్యాహ్నం వాన ముదిరింది. ఎదురుగా ఉన్న అద్దాల టవర్లు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. కరెంటు పోయింది. ఎందుకో జనరేటర్ అందుకోలేదు. ఫ్యాను ఆగాక ఇంట్లో చప్పుడే లేదు. బూడిదరంగు వెలుగు, కిటికీ సందుల్లోంచి తడి సిమెంటు వాసన.

యశస్విని చెప్పినట్టు వేసుకుని చూద్దామని లేచాను. రెండు సూదుల్నీ కలుపుతూ సన్నటి వైరు ఉంటుంది. మెడ కుట్లన్నీ దాని మీదే ఉన్నాయి, గుండ్రంగా. తల దూరేంత ఖాళీ ఉంది. నా కళ్లతో చూసుకునే చేతులు పైకెత్తి తొడుక్కున్నాను.

ఊలు మొహం మీదుగా జారింది. తల పైకి నెట్టాను.

ఎక్కడా ఖాళీ తగల్లేదు.

పక్కకి తోసుకున్నానేమో అనుకుని అటూ ఇటూ కదిలాను. నడినెత్తికి ఊలే తగులుతోంది. సరే, ముందు చేతులు బయటపెడదామని చూస్తే మణికట్ల దగ్గరా దారి లేదు. వేళ్లు ఊలుకే గుచ్చుకుంటున్నాయి. ఆ చివర్లు నేనే అల్లాను. నేనే తెరిచి వదిలాను.

అప్పటికింకా నాకు నవ్వే వస్తోంది. వంగి, కింది నుంచి లాగేసుకుందామనుకున్నాను. అంచు నడుము దగ్గర ఉండాలి. కానీ ఊలు తొడల మీదుంది... మోకాళ్ల మీదుంది... పాదాల కింద కూడా మెత్తగా తగిలింది.

నవ్వు ఆగిపోయింది.

లోపల ఉక్కగా ఉంది. నా ఊపిరి నాకే తిరిగి తగులుతోంది. కొత్త ఊలు వాసనతో పాటు ఇంకో వాసన. రాత్రంతా మూసుకున్న నోటి వాసన లాంటిది. అది నాది కాదు.

అప్పుడు వినిపించింది.

టిక్... టిక్... టిక్...

సరిగ్గా నా నెత్తి మీద. సూది మీద సూది తగిలే చప్పుడు. ఒక్కో టిక్‌కీ నెత్తి మీద ఊలు కాస్త బిగుస్తోంది.

"ఎవరు?" అన్నాను.

చెవి పక్కనే, ఊలు లోపలే, ఆడగొంతు గుసగుసగా అంది.

"కదలకు... కుట్టు జారుతుంది."

బెదిరింపు కాదది. పసిపిల్లకి గౌను కొలత తీసేటప్పుడు బుజ్జగిస్తున్నట్టుంది. అందుకే కదలకుండా ఉండిపోయాను. మంచం మీద ఫోన్ మోగింది. రోహిత్‌కి పెట్టిన రింగ్‌టోనే. మోగి మోగి ఆగిపోయింది. ఊలు ముక్కుకి అంటుకుంది. గాలి తగ్గిపోతోంది.

టిక్... టిక్...

కుట్టు జారుతుంది. అల్లేవాళ్లందరికీ ఉండే భయమే అది. ఒక్క కుట్టు జారిందంటే కింది దాకా ఊడిపోతుంది.

అంటే తనకీ భయమే...

నోటికి తగిలిన దారాన్ని పళ్లతో పట్టి కొరికాను.

"వద్దు..." అంది. "వద్దమ్మా..."

టిక్ టిక్ టిక్ టిక్... చప్పుడు జోరందుకుంది. చిగుళ్లు మండుతున్నా వదల్లేదు. దారం తెగింది. మొహంతో తోశాను, తల విదిలించాను. పర్రుమంటూ ఒక వరస ఊడింది, దాని కింద ఇంకోటి. సందులోంచి వెలుగు... గాలి... గింజుకుంటూ బయటపడి, దాన్ని నేల మీదే వదిలేసి తలుపు తీసుకుని పరుగెత్తాను.

ఫోన్ ఎత్తలేదని కంగారుపడి రోహిత్ వచ్చేశాడు. లిఫ్టు లేక మెట్లెక్కి వచ్చేసరికి, నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. ఎలాగోలా చెప్పాను. తను చెప్పులైనా విప్పకుండా లోపలికెళ్లి, ఆ స్వెట్టర్ పట్టుకొచ్చాడు.

"చూడు ఉమా," అంటూ స్వెట్టర్ చేతుల్లో తన చేతులు దూర్చి, వేళ్లు బయటపెట్టి చూపించాడు. కింది అంచు మామూలుగానే ఉంది. "కరెంటు లేదు, చీకటి, భయపడ్డావు. అంతే."

"పారేసెయ్ రోహిత్. ఇప్పుడే."

సరేనని మడతపెట్టబోయి ఆగాడు. వీపు వైపు తిప్పి మెట్ల పక్క కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇక్కడ కూడా కొరికావా?"

దగ్గరికెళ్లి చూశాను. భుజం కింద ఊలు చివికి ఉంది. లోపలి నుంచి కొరికినట్టే. కానీ నా పళ్లంత వెడల్పు లేదు. చిన్నది... చాలా చిన్న నోరు. దారం సగం తెగాక, కొరకడం ఆపేసినట్టుంది.

రోహిత్ దాని మీద వేలు పెట్టి చప్పున తీసేశాడు.

"తడిగా ఉంది," అన్నాడు.