అమూల్య కార్డు మీద పోయిన పుస్తకం

సెమిస్టర్ సెలవుల్లో కాలేజీ లైబ్రరీ అంత దిక్కులేని చోటు ఇంకోటి ఉండదు. జవహర్‌నగర్ చెత్త డంపుకి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో, ఆ పది రోజులూ పెద్ద హాలు నిండా పుస్తకాలకి తోడు అమూల్య ఒక్కతే. భీమవరం నుంచి వచ్చి లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు. పేట్ బషీరాబాద్‌లో ఒక గది అద్దెకి తీసుకుంది గానీ పక్కగది వాళ్ల మొహం ఇంకా చూడలేదు. తను రెండు రోజులు కనిపించకపోతే ఎవరడుగుతారని ఒకపూట అన్నం తింటూ ఆలోచించింది. వాచ్‌మన్ లక్ష్మణ్ తప్ప ఈ ఊళ్లో ఎవరూ తట్టలేదు. 

ఇక మిగిలింది అమ్మ. సాయంత్రం అయిదూ నలభైకి ఫోన్ చేసి "బయల్దేరావా?" అంటుంది. "బయల్దేరాను" అనగానే పెట్టేస్తుంది. ఆ ఒక్క మాట కోసం అమూల్య పొద్దుటినుంచీ కాచుకుని ఉండేది.

దీనికి తోడు వాసన. గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు మూసినా ఆగదు, టిఫిన్ డబ్బాలోకి కూడా దూరుతుంది. ఆమె ముక్కు మూసుకుంటే లక్ష్మణ్ నవ్వేవాడు.

"పదేండ్లాయె మేడం. నా ముక్కు సచ్చి ఊకుంది."

లక్ష్మణ్ అలియాబాద్ వాడు, యాభై దాటిన మనిషి. అయిదున్నరకి తాళం వేసేముందు గుమ్మంలో నిలబడి మూడుసార్లు కేకేసేవాడు. "లోపల ఎవరన్నా ఉన్నరా?" సెలవుల్లో కూడా మానలేదు.

"ఎప్పుడైనా ఎవరైనా పలికారా?" అని అమూల్య ఆటపట్టించింది.

"పలికితే నాకు ఇనబడాలె గద మేడం." తాళంచెవి తుడుచుకుంటూ ఇంకో మాటన్నాడు. "మీ కార్డు మాత్రం ఎవ్వరికీ ఇయ్యకుండ్రి."

ఆ సంగతి గోడమీది బోర్డులోనే ఉంది. విద్యార్థులకి మూడు పుస్తకాలు, లెక్చరర్లకి ఆరు. బయటివాళ్లూ చదువైపోయినవాళ్లూ ఇక్కడే కూర్చుని చదువుకోవాలి, ఇంటికి పట్టుకెళ్లకూడదు. కార్డు ఎవరిదో వాళ్లే వాడాలి. ఆఖరి వాక్యం కింద ఎర్ర గీత కొట్టి ఉంది. ఎందుకని ఆమె అడగలేదు.

ఆ రోజు నాలుగింటికే మబ్బు కమ్మేసింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటరూ ఒక్క లైటూ మిగిలాయి. అంతలో వాసన ఆగిపోయింది. కొళాయి కట్టేసినట్టు, టక్కున. హమ్మయ్య అనుకుని తలెత్తింది అమూల్య.

కౌంటర్ ముందు ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది.

తలుపు తీస్తే కిర్రుమంటుంది. ఆ చప్పుడు మాత్రం వినిపించలేదు.

"అక్కా, గీ పుస్తకం ఇంటికి ఇస్తవా?"

"కార్డుందా?"

"ఎప్పుడో తీసేసిన్రు. ఈడ సదివినదాన్నే. నా పేరు తృప్తి. ఇప్పుడు ఈడ కూసొని సదువుడే, తీస్కపోనియ్యరు. ఇంక ఇరవై పేజీలే ఉన్నయ్. రోజూ గింతల్నే అయిదున్నర అయితది."

రోజూనా? ఈ పది రోజుల్లో పురుగు కూడా రాలేదే. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ ఆ పిల్ల ఇంకోటి అడిగేసింది.

"ఒక్కదానివే ఉంటవా అక్కా? బుగులైతలేదా?"

పది రోజుల్లో అమూల్య ఎలా ఉందని ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. పిచ్చిది, కళ్లలో నీళ్లు తిరిగాయి. గంటసేపు మాట్లాడింది. ఇల్లు, గది, అమ్మ, ఫోన్, అన్నీ చెప్పుకుంది. తృప్తి మోచేతులు బల్లకి ఆనించి వింది.

"ఏ టైంకి చేస్తది అమ్మ? నువ్వేమంటవ్?"

అదీ చెప్పింది.

అయిదూ ఇరవైకి, బోర్డు వైపు చూడకుండా, ఆ పుస్తకం తన కార్డు మీదే రాసింది. రేపు తెచ్చిచ్చెయ్యమంది.

"గేటు కాడ కార్డు సూపియ్యమంటరు గద అక్కా."

కార్డు కూడా ఇచ్చింది.

"నీ పేరు మీదనేనా?"

"నా పేరు మీదే."

తృప్తి కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "మస్తు దినాలైంది బయటికి పోయి." కౌంటర్ పక్కనుంచి నడిచి వెళ్లింది. ఈసారి తలుపు కిర్రుమంది.

కాసేపటికి లక్ష్మణ్ గుమ్మంలోకి వచ్చాడు.

"లోపల ఎవరన్నా ఉన్నరా?"

"నేనే లక్ష్మణ్ గారూ, వస్తున్నా." కౌంటర్ కింద బ్యాగ్ కోసం వంగింది. బ్యాగ్ లేదు... గొడుగూ లేదు.

"లోపల ఎవరన్నా ఉన్నరా?"

"ఉన్నాను... ఒక్క నిమిషం..."

ఆయన చూపు ఆమె మొహం మీదుగా వెళ్లి వెనక బీరువాల మీద ఆగింది. అమూల్య పరుగెత్తి ఆయన ఎదురుగా నిలబడింది. అరిచింది. గొంతు నొప్పి పుట్టేలా అరిచింది.

మూడోసారి కేకేసి, లక్ష్మణ్ ఒక క్షణం చెవి ఒగ్గాడు. లైటు ఆపాడు. తలుపు మూశాడు. తాళం తిరిగింది.

ఆమె కిటికీ అద్దానికి అతుక్కుపోయింది. బయట మెట్ల మీద తృప్తి. భుజాన అమూల్య బ్యాగ్, మెడలో అమూల్య కార్డు. చున్నీతో ముక్కు మూసుకుని ఉంది. లోపల అమూల్యకి ఏ వాసనా తెలియడం లేదు.

"జల్దీ పోండ్రి మేడం, వాన వస్తాంది," అంటున్నాడు లక్ష్మణ్.

బ్యాగ్‌లో ఫోన్ మోగింది. అయిదూ నలభై.

"బయల్దేరానమ్మా," అంది తృప్తి. భీమవరం యాస, అమూల్య గొంతు. అవతల అమ్మ పెట్టేసింది... ఎప్పటిలాగే.

వెనక చీకట్లో ఒక కుర్చీ కదిలింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత దాని పక్కది. పొడవాటి బల్ల వెంబడి ఒక్కొక్కరే జరిగి, ఆమెకి చోటిస్తున్నారు.