నాన్న సర్దిన సగం

పొద్దున్నే కూతురు కాఫీ పట్టుకొచ్చేసరికి నాన్న వరండాలో సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, వెనక చక్రానికి అటూ ఇటూ వేలాడే సంచుల్లో సామాను కూరుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయి ఏడాదన్నా తిరగలేదు. ఈయన కంటతడి పెట్టింది లేదు, మనసు విప్పి మాట్లాడింది లేదు, ఇప్పుడు ఏకంగా సైకిలు యాత్ర!

“ఈ వయసులో ఒక్కడివే కొండలెక్కుతావా నాన్నా? దారిలో నీకేమన్నా అయితే?”

“ఏం కాదులే. ఇన్నేళ్ళూ వెళ్ళలేదా ఏంటి!”

“అప్పుడు పక్కన అమ్మ ఉంది.”

నాన్న సంచి పట్టీ ఇంకాస్త బిగించాడు.

ఈయనతో వాదించి లాభం లేదు, తప్పులు పట్టయినా ప్రయాణం ఆపించాలనుకుని ఆమె సంచులు రెండూ విప్పి నేలమీద కుమ్మరించింది. చిన్న స్టవ్వు, గిన్నె, గరిటె, బియ్యం, నూనె సీసా, ఉప్పు డబ్బా, టీపొడి. రెండో దాంట్లోనూ అంతా వంటిల్లే. వెతికినకొద్దీ ఆమెకి హుషారొచ్చింది. దొరికాడు!

“గుడారం ఏది? గాలి పంపేది? పానాలేవి? పంక్చరైతే గరిటెతో అతికిస్తావా?”

“అవన్నీ మీ అమ్మ సంచుల్లో ఉంటాయి కదే,” అన్నాడు నాన్న, డబ్బాలు మళ్ళీ సంచిలో సర్దుతూ, తలెత్తకుండానే, ఎంతో మామూలుగా.

అనేశాక ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఆ ఇంట్లో పద్ధతే అది. వంట సామాను ఆయన సైకిలుకి, గుడారమూ పనిముట్లూ అమ్మ సైకిలుకి. పెళ్ళయిన కొత్తలో పంచుకున్న బరువుని మళ్ళీ ఎప్పుడూ మార్చుకోలేదు.

“నాకు పంక్చరు వెయ్యడం కూడా రాదే,” అన్నాడాయన మెల్లగా. “ఎప్పుడూ అదే వేసేది. నేను ఈలోగా టీ పెట్టేవాణ్ణి.” ఒక్కొక్క డబ్బా తీసి గోడవారగా పెట్టసాగాడు. “నువ్వన్నదే నిజం. వెళ్ళనులే.”

గెలిచింది కూతురే. కానీ ఆయన్ని రాతిగుండె మనిషని ఇన్నాళ్ళూ తిట్టుకుంది. ఆయనేమో ఇంకా అమ్మతో కలిసే బయల్దేరుతున్నాడు.

గబగబా లోపలికెళ్ళి అటకమీంచి అమ్మ సంచులు దించింది. వెనకగదిలో మూలనున్న అమ్మ సైకిలుని నడిపించుకుంటూ వరండాలోకి తెచ్చింది.

“పంక్చరు వెయ్యడం నాకొచ్చు. అమ్మ నేర్పింది. సెలవు పెడతాను, ఒక్క వారం ఆగు నాన్నా. ఈ సీటు నాకు దించాలేమో చూడు.”

నాన్న ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు.

“అక్కర్లేదు తల్లీ. సరిగ్గా మీ అమ్మంత ఎత్తే నువ్వు,” అని, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా తెగి, భోరుమన్నాడు.