తాతయ్య ఎడమవైపు

“మళ్ళీ గీసుకుపోయింది. మళ్ళీ అదే వైపు. ఈసారి అద్దం కూడా విరిగింది. అసలేం జరుగుతోంది నాన్నా?”

వాకిట్లో స్కూటర్ పక్కన నిలబడి కూతురు అడుగుతుంటే, వంటింటి గుమ్మంలో తల్లి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆయన మాత్రం కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. “సందు మొదట్లో గేటు అడ్డంగా తెరిచిపెడితే నేనేం చేసేదమ్మా? బండన్నాక గీత, మనిషన్నాక ముడత... పడక మానతాయా?” అని నవ్వేశాడు. కూతురికి నవ్వు రాలేదు. “నా పిల్లని ఎక్కించుకునే బండి నాన్నా అది” అంది. ఆ మాటకి ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. కూతురు కళ్ళు తుడుచుకుని, డ్యూటీకి ఆలస్యమవుతోందని గబగబా వెళ్ళిపోయింది.

అల్లుడు పోయిన దగ్గర్నుంచి కూతురు ఈ ఇంట్లోనే ఉంటోంది. తను ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్తే పిల్లని చూసుకునేది తాతయ్యే. పొద్దున లేచింది మొదలు నోరు మూయదని ఆ పిల్లకి పిట్ట అని పేరు పెట్టింది కూడా ఆయనే. బడికి దింపినా, పార్కుకి తిప్పినా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నా ఆయనే. ఆ పిల్లకి ఏమైనా అయితే కూతురు బతకదు... కూతురికంటే ముందు ఆయనే బతకడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే కొన్నాళ్ళుగా గుండెల్లో రాయిలా కూర్చున్న అనుమానాన్ని పైకి అనలేక, మింగలేక, పొయ్యి దగ్గరే తిరుగుతోంది.

ఆయన ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా ముందు తప్పులు చూసి, తర్వాత పెళ్ళెవరిదో చూసే రకం. రిటైరయ్యాక ఆ కన్ను కెమెరా మీద పడింది. రోజూ పార్కులో ఫొటోలు తీయడం, ఇంటికొచ్చి కంప్యూటర్లో వాటికి ‘ప్రూఫు చూడటం’! ఆకాశానికి అడ్డొచ్చిన కరెంటు తీగా, గడ్డిలో పడిన కాగితం ముక్కా, వెనకాల వీపు గోక్కుంటున్న మనిషీ... పక్కనున్న పచ్చదనాన్ని బ్రష్షుతో తెచ్చి వాటిమీద అద్దితే ఒక్కొక్కటే మాయం. “ఇల్లు ఊడ్చడానికి మీకు చీపురు దొరకదు గానీ, పార్కంతా ఊడ్చేస్తారు” అని ఆవిడ దెప్పేది. ఆయన పొంగిపోయేవాడు. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషికి ఇంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది?

అలాంటి మనిషి ఈమధ్య ఫొటోల్లో చెత్త వదిలేస్తున్నాడు. స్నేహితులందరికీ పంపిన పూలమడి ఫొటోలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఒకటి అలాగే ఉండిపోయింది. “మాస్టారూ, ఈ బకెట్ మీ సంతకమా?” అని ఒకాయన రాశాడు. ఏ బకెట్టని ఈయన ఆయనతో తగువేసుకుని, రెండ్రోజులు మాట్లాడలేదు. ఆవిడ ఆ ఫొటో చూసింది. బకెట్ ఉంది. వయసు మీద పడుతోంది, పోనీలే అనుకుంది. అనుకోవాలనుకుంది...

ఆ మధ్యాహ్నం బట్టలు మడతపెడుతున్న ఆవిడకి గదిలోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. తొంగి చూసింది. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమ భుజానికి జానెడు దూరంలో, నట్టనడి వెలుతుర్లో, పిట్ట నిలబడి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది. “ఎక్కడ దాక్కున్నావే పిట్టా?” అంటూ ఆయన కుడివైపు సోఫా వెనక్కి చూస్తున్నాడు. తమాషాకి కాదు, నిజంగానే వెతుకుతున్నాడు.

పిట్ట పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ చెవిలో గుసగుసలాడింది. “అమ్మమ్మా, నీకో రహస్యం చెప్పనా? తాతయ్యకి ఇటువైపు నిలబడితే నేను మాయమైపోతాను. ఎప్పుడు నిలబడినా అంతే. తాతయ్యకి చెప్పకేం... ఆట పాడైపోతుంది.”

మడతపెట్టిన చీర ఆవిడ చేతిలోంచి జారిపోయింది. స్కూటర్ మీద గీతలు ఏ వైపు? బకెట్ ఏ వైపు? మొన్న కంచంలో ఎడమపక్కన కూర అలాగే వదిలేసి, కూర వడ్డించలేదేమని విసుక్కోలేదూ? ఒక్కొక్కటీ వరసకట్టి ముందుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆయన కెమెరా తీసి కుడి భుజానికి తగిలించుకున్నాడు. “పిట్టా, చెప్పులేసుకో. ఎండ తగ్గింది, పార్కుకి పోదాం.”

పార్కుకి పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. కెమెరా కుడివైపు ఉంటుంది కాబట్టి, పిల్ల ఎప్పుడూ ఎడమవైపే నడుస్తుంది...

“ఆగండి” అంది ఆవిడ. “నిన్నటి ఉయ్యాల ఫొటో నాకు చూపించందే కదలొద్దు.”

“వచ్చాక చూద్దువుగానిలే.”

“ఇప్పుడే చూడాలి.”

ఏనాడూ అంత పట్టు పట్టని మనిషి అడిగేసరికి ఆయన ఆశ్చర్యపోయి, మురిసిపోయి, ఫొటో తెరిచాడు. కుడివైపు ఉయ్యాల్లో పిట్ట, జుట్టు గాల్లో ఎగురుతోంది. ఎడమవైపు నిండా పొంగిపొర్లుతున్న చెత్తడబ్బా. “ఎలా ఉంది? దుమ్ము కణం కూడా మిగల్చలేదు” అన్నాడు ఆయన గర్వంగా. చెత్తడబ్బా ఉందని చెబితే బకెట్ తగువే మళ్ళీ, అనుకుంది ఆవిడ. ఇదివరకు ఆయన పని అయిపోయాక బొమ్మని కుడి ఎడమలు తిరగేసి చూసుకునేవాడు, అలవాటుపడిన కంటికి అప్పుడే తప్పులు దొరుకుతాయని. ఈమధ్యే మానేశాడు. ఆవిడ మౌస్ అందుకుని బొమ్మ తిరగేసింది.

“ఈ చెత్తడబ్బా ఎక్కడిది?” ఆయన ఉలిక్కిపడ్డాడు. “నువ్వేం నొక్కావు? ఇది నా ఫొటో కాదు... పిట్ట ఏది? ఉయ్యాల ఏది? పిల్లని చెరిపేశావా?”

“ఉందండీ. అక్కడే ఉంది.”

“ఎక్కడుంది? ఖాళీగా ఉంటేనూ...”

“మెడ తిప్పండి. ఇంకా... ఇంకా ఎడమకి.”

ఆయన మెడ నెమ్మదిగా తిరిగింది. ఉయ్యాల కనపడింది, పాదాలు, గౌను, ఆ తర్వాత నవ్వుతున్న మొహం. చాలాసేపు అలాగే చూశాడు. “చీకటిగా కూడా లేదే” అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. “చీకటిగా ఉంటే తెలిసేది కదా... అక్కడేదో ఉందన్న సంగతే నాకు తెలియలేదు.” కెమెరా వైపు చూసుకున్నాడు. తర్వాత ఎడమచేతి వైపు చూసుకున్నాడు. “రోజూ నేను పిల్లని ఏ వైపు నడిపించుకెళ్తున్నానే?”

ఆవిడ ఆయన తలని గుండెలకి హత్తుకుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. కుడి భుజం మీది కెమెరా తీసి బల్లమీద పెట్టేశాడు.

ఆవిడ ఫోన్ చేస్తే కూతురు ఉన్నపళంగా వచ్చింది. ఆస్పత్రిలో పరీక్షలయ్యాక డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. కళ్ళలో దోషం లేదట. మెదడులో చిన్న రక్తనాళం పూడుకుపోయి, ఎడమవైపు చూపుని అందుకునే చోటు దెబ్బతిన్నదట. ఎప్పుడు జరిగిందో ఆయనకే తెలియకుండా జరిగిపోయింది. పోయిన చూపు చాలావరకు తిరిగి రాకపోవచ్చు. మరోసారి అలా జరగకుండా మందులు మాత్రం తప్పనిసరి.

“నీకు ముందే అనుమానమొచ్చిందా అమ్మా?” అంది కూతురు వరండాలో. ఆవిడ తలదించుకుంది. “వచ్చింది తల్లీ. పైకంటే నిజమైపోతుందని భయపడ్డాను.” కూతురికి కోపమొచ్చింది. చెయ్యి విదిలించుకుని అవతలికి పోయింది, గోడవైపు తిరిగి నిలబడింది. కాసేపటికి తనే వచ్చి తల్లి భుజం మీద తల ఆనించింది. “పొద్దున నాన్నని ఎన్నేసి మాటలన్నానమ్మా... ఆయనకి కనపడితే కదా” అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆస్పత్రి ముందు రోడ్డు మీద సాయంత్రపు రద్దీ. బస్సులు, కార్లు, లారీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. ఆటోలన్నీ అవతలివైపు ఉన్నాయి. రోడ్డు అంచుకి రాగానే పిట్ట అలవాటు ప్రకారం తాతయ్య ఎడమచెయ్యి పట్టుకుంది. ఆయన ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడిపించాడు. “నువ్వు మీ అమ్మ చెయ్యి పట్టుకో తల్లీ” అన్నాడు. పిట్ట మొహం చిన్నబోయింది. “ఆటలో నిన్ను మోసం చేశాననా తాతయ్యా? ఇంకెప్పుడూ మాయమవను.”

ఆయన రోడ్డు పక్కనే మోకాళ్ళమీద కూలబడ్డాడు. మెడ పూర్తిగా తిప్పి, ఆ మొహాన్ని వెతుక్కుని, రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “నువ్వు చెప్పబట్టే అమ్మమ్మకి తెలిసిందమ్మా. లేకపోతే ఇవాళ నేను...” పిల్లని కూతురి చేతికి అప్పగించాడు. లేచి నిలబడ్డాడు. తన ఎడమచెయ్యి ఊరికే అలా పక్కకి చాపాడు, ఎవరూ కనపడని ఆ వైపుకి.

ఆవిడ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

“ఏమైనా వస్తున్నాయా?” అని అడిగాడు.

“బస్సొస్తోంది.”

ఎవరు దిద్దినా ఒప్పుకోని మనిషి, ఎత్తిన అడుగు వెనక్కి పెట్టి నిలబడ్డాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆయన తల తిప్పి చూసుకోలేదు.

“ఇప్పుడో?”

“ఇంకో కారుంది. ఉండండి.”

కారు కూడా వెళ్ళిపోయింది. ఆయన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆవిడ రెండువైపులా మరోసారి చూసి, ఆ చేతిని గట్టిగా పట్టుకుని, “ఇక పదండి” అంది.